రాజమహేంద్రవరమున నొక దినము

సోదరీమణులారా! కాశీరామేశ్వరములకో, విదేశములకో పోయివచ్చినవారు తాము చూచిన వింతలను పత్రికలలో వ్రాయుట మీరెఱిగినదే. మేము వ్రాయబోవునది యట్టి యాత్ర కాదు. మా పోలవరమునుండి రాజమహేంద్రవరమునకు బోయి, యొక పగలు గడపి, రాత్రి భోజనముల వేళకు మరల నిల్లు చేరితిమి. ఇంతమాత్రమునకు వ్యాసమెందుకని మీరు నవ్వవచ్చును. పుట్టి బుద్ధి యెఱిగినది మొదలు నూఱుమాఱులు పోయిన పట్టణమును నూటయొకటవ మాఱున గాని మేము చూడలేదు. అందుచేతనే యీ నాలుగు మాటలు.

మా పుట్టినిల్లును మెట్టినిల్లును పోలవరమే. నేడు మా యూరి పేరు చెప్పినతోడనే యెల్లరును ఆనకట్ట మాటయే యెత్తుదురు. మా యూరివారికి మాత్రము పట్టణమన్న నాడును నేడును రాజమహేంద్రవరమే. పెండ్లి చీరలకు తాడితోట, వెండిబంగారములకు మెయిన్‌రోడ్డు, జబ్బు చేసినచో ఆసుపత్రి, పుష్కరము వచ్చినచో స్నానఘట్టము. ఇవియే మాకు దెలిసిన రాజమహేంద్రవరము. మా నాయనగారు సంస్కృతాంధ్రములయందు పండితులగుటచే మమ్ము బడికి బంపక, యింటనే కూర్చుండబెట్టి పంచకావ్యములును భారతమును చెప్పిరి. రాజరాజనరేంద్రుడు కోరుటయు, నన్నయభట్టారకుడు నారాయణభట్టు తోడ్పాటున భారతమును తెనిగింప బూనుటయు, ఆది సభాపర్వములు ముగించి యరణ్యపర్వము నడుమ విడుచుటయు మాకు చిన్ననాడే తెలియును. ఆ కార్యము జరిగిన యూరిలో సంచి చేతబట్టుకొని బేరములాడుటయే గాని, తలయెత్తి చూచినది లేదు.

ఈ లోపమును మాకు చూపినది మా పినతల్లి కొమార్తె. ఆమె అమెరికాదేశమున చికాగో నగరమున గాపురమున్నది. ఆ మధ్య ఫోనులో మాటలాడుచు, ఆ నగరమున 'హల్ హౌస్' అను నొక పాత యింటిని బిడ్డలకు చూపివచ్చితినని చెప్పెను. జేన్ ఆడమ్సు అను వనిత తన స్నేహితురాలితో గూడి 1889లో ఆ యింట జేరి, పరదేశములనుండి వలసవచ్చిన బీదకూలీల స్త్రీలకును బిడ్డలకును చదువును వృత్తులును నేర్పించెనట. 1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. ఇప్పు డా యిల్లు ప్రదర్శనశాలగా నున్నది. ఇదంతయు చెప్పి, "వచ్చు సంక్రాంతికి మేము వత్తుము. మీ రాజమండ్రిలో పిల్లలకు చూపవలసినవి యేమున్నవి, అక్కా?" అని యడిగెను. "గోదావరి యున్నది గదా!" అంటిమి. "గోదావరి సరే, ఇంకేమి?" అనెను. మాకు నోట మాట రాలేదు. చీరల కొట్లున్నవని చెప్ప సిగ్గయ్యెను.

ఇంతలో మా యింట వేఱొక చర్చ పుట్టినది. మా అమ్మాయి యీ సంవత్సరము పదవ తరగతి పరీక్షయందు మంచి మార్కులతో కృతార్థురాలయ్యెను. మా యింటివారు ఉపాధ్యాయులు. పిల్లను రాజమహేంద్రవరమున వసతిగృహములో నుంచి పై చదువు చెప్పింపవలెనని వారి సంకల్పము. మా అత్తగారు వలదనిరి. "పదునైదేండ్ల పిల్లను పరాయియూర నొంటరిగా విడుతురా? చదువు ఇచ్చట లేదా? దాని తల్లి యే బడికి బోయినది? చదువు రాలేదా?" అని మమ్మే సాక్ష్యమునకు బిలిచిరి. నిజము చెప్పవలెనన్న, మా మనస్సును అత్తగారి పక్షముననే యుండెను. పిల్ల యెదుట మాత్రము ఆ మాట పైకి రానీయలేదు.

జ్యేష్ఠమాసమున నొకనాడు తెల్లవాఱుజామున మువ్వురమును బస్సెక్కితిమి. పెద్దల కాలమున పడవలమీదను లాంచీలమీదను పోయెడివారట. మేము ఏటిగట్టు బాటనే పోయితిమి. పట్టిసీమ యెదుట, ఏటినడుమ కొండపైనున్న వీరభద్రేశ్వరస్వామివారికి బస్సులోనుండియే నమస్కరించితిమి. తాళ్లపూడి దాటి, కొవ్వూరు దాటి వంతెనమీదికి వచ్చుసరికి ఎదుట ప్రొద్దు పొడిచినది. మా యింటివారు బడిపంతులగుటచే వంతెన కనబడగనే పాఠము మొదలిడిరి. మేము పోవు వంతెనకు పైన బస్సులు, క్రింద రైళ్లు. పొడవు నాలుగు కిలోమీటర్లకు మించియున్నది. 1974లో నడకకు వచ్చినదట. దిగువను నల్లగా నున్నది హేవ్‌లాక్ వంతెన. 1897లో పని యారంభించి 1900లో ముగించిరి. దానికి 56 ఖానాలు. చెన్నపట్టణమునకును కలకత్తాకును బోవు రైళ్లను 97 సంవత్సరములు మోసి, 1997లో విశ్రాంతి గైకొన్నది. దాని చెంత 28 సిమెంటు విల్లులతో నిలిచినది క్రొత్త వంతెన. "పని చేయని వంతెనను తీసివేయక యేల యుంచిరి, నాన్నగారూ?" అని పిల్ల యడిగెను. "ముసలివారిని ఇంటినుండి తీసివేయుదుమా?" అని వారు నవ్విరి. నూఱుమాఱులు ఆ వంతెనను చూచితిమి. దానికొక వయస్సున్నదని మాకు దోచినది ఆనాడే.

ముందుగా వచ్చిన పని చూచుకొంటిమి. కళాశాలలో కాగితము లిచ్చి, వసతిగృహమునకు బోయితిమి. గది యొక్కటికి నలుగురు బాలికలు. కిటికీ తెఱచినచో ఎదుటింటి గోడ. మంచమునకును మంచమునకును నడుమ నొక పెట్టె పట్టునంత చోటు. అచ్చటి యామె మర్యాదగానే మాటలాడెను గాని, మా గుండె జాఱినది. మా యింటి వాకిట నిలిచిన గోదావరి కనబడును. ఈ గోడ చూచుచు పిల్ల రెండేండ్లు గడపవలెనా? వెలుపలికి వచ్చి, "గది యెట్లున్నను ఊరు దానికి తెలియవలెను. నేడు ఊరు చూపి తీసికొని పోదము" అంటిమి. చికాగో ప్రశ్న మా చెవిలో నింకను మ్రోగుచునే యుండెను. మా యింటివారు ఆశ్చర్యపడి మా మొగము చూచి, ఆటోను బిలిచిరి.

ఈ పట్టణమున పాతపేటల పేరులే చరిత్ర చెప్పును. మంగళవారపుపేట, లక్ష్మీవారపుపేట అని వారముల పేర నున్న పేటలు కొన్ని. ఇన్నీసుపేట, జాంపేట, ఆర్యాపురము, దానవాయిపేట అనునవి మఱికొన్ని. కోటగుమ్మమను చోట నిప్పుడు కోటయు లేదు, గుమ్మమును లేదు. బండ్లు, కొట్లు, జనసమ్మర్దము. ఆ యూరివారు మాత్రము నేటికిని కోటగుమ్మమనియే యందురు. మెయిన్‌రోడ్డున మేము గాజులు కొను వీధిలోనే 1324వ సంవత్సరపు పారసీక శాసనము గల మసీదున్నది. నన్నయ కాలమునకు మూడువందల యేండ్ల లోపుననే ఢిల్లీ సుల్తానుల యేలుబడి యీ గట్టువఱకు వచ్చినదనుటకు అది గుర్తు. దాని ముందునుండి యెన్నిమాఱులు పోయితిమో లెక్క లేదు. గాజుల కొలత చూచుకొనుటయే గాని, ఆ గుమ్మము వంక చూచియెఱుగము.

పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటికి బోయితిమి. 1848లో ఈ పట్టణముననే వారు జనించిరి. ప్రభుత్వమువారు ఆ పాత యింటిని స్మారకముగా గాపాడుచున్నారు. పెద్ద మేడ కాదు. మన పెద్దల యిండ్లవంటిదే. గడప దాటునప్పుడు తల వంచవలసివచ్చినది.

1856లోనే వితంతువుల పునర్వివాహమునకు శాసనము పుట్టినను, మన గోదావరి మండలమున దానిని నమ్మి ముందునకు వచ్చినవారు లేరు. పంతులుగారు 1881 డిసెంబరు 11న ఈ రాజమహేంద్రవరమున తొలి వివాహమును చేయించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఊరు వెలివేసినది. ఇదంతయు బడిపుస్తకములలో నున్నదే. మేము మా అమ్మాయికి చెప్పినది వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారి మాట. వంటవారు మానివేసిరి. నీళ్లు మోయువారు మానివేసిరి. ఆమె తానే గోదావరికి బోయి బిందెతో నీరు తెచ్చి, తానే వండి, పెండ్లికి వచ్చినవారికి వడ్డించినది. ఆశ్రయము కోరివచ్చిన వితంతుబాలికలను తన బిడ్డలవలె నింట నుంచుకొన్నది. ఉపన్యాసము లిచ్చుట కష్టమే. వెలి పడిన యింట దినదినమును పొయ్యి వెలిగించుట అంతకంటె కష్టమని యింటిపని చేసిన మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఆ యింటి నడవలో నిలిచియుండగా మాకు మా పెద్దబామ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె మా తాతగారి అక్కగారు. 1915 ప్రాంతమున బుట్టినది. తొమ్మిదవయేట పెండ్లి. పదునొకండవయేట వైధవ్యము. కాపురమునకు బోయినది లేదు, భర్త మొగము సరిగా జూచినది లేదు. పుట్టినింటనే యెనుబదియేండ్లు దాటువఱకు మడి కట్టుకొని వండిపెట్టినది. తమ్మునికి అయ్యవారు చదువు చెప్పుచుండగా తలుపు చాటున నిలిచి వినెడిదట. పలక ముట్టనీయని కారణమున, నీళ్లకు బోయినప్పుడు గోదావరి యిసుకలో వ్రేలితో వ్రాసి, ఎవరైన వచ్చుచున్న చెఱిపివేసెడిదట. మాకు ఓనమాలు దిద్దించినది ఆమెయే. మాకు ఎనిమిదేండ్లున్నప్పుడు ఆమె పోయినది.

మేము వ్రేళ్లపై లెక్కించితిమి. తొలి వివాహము 1881లో. మా పెద్దబామ్మకు వైధవ్యము వచ్చినది 1926 ప్రాంతమున. నడుమ నలుబదియైదేండ్లు. పోలవరమునుండి ఈ యింటికి లాంచీలో నొక పూట ప్రయాణము. నలుబదియైదేండ్లలో ఆ పూటదూరమును దాటి యీ యింటి మాట మా యింటికి రాలేదు! శాసనమున్నది, దారి చూపిన మహానుభావుడున్నాడు, ఏఱు నడచుచునే యున్నది. మా తాతముత్తాతలు పత్తిబస్తాలకును పసుపుకును, కోర్టు వ్యాజ్యములకును ఈ యూరికి వచ్చుచునే యుండిరి. వచ్చినవారు ఈ వీధి త్రొక్కలేదు.

"పెద్దబామ్మగారు ఈ యింటిని చూచినదా, అమ్మా?" అని అమ్మాయి యడిగెను. "పుష్కరములకు వచ్చినది. గోదావరిలో మునిగి తిరిగిపోయినది" అంటిమి. అని, వెంటనే నోరు మూసికొంటిమి. మేమును నిన్నటివఱకు అట్లే గదా మునిగి తిరిగిపోయినది!

అచ్చటనుండి పురమందిరము చూచితిమి. పంతులుగారు 1890లో కట్టించిన సభామందిరమది. నాడు నలుగురు కూడి మాటలాడుటకు చోటు లేదు. గుడిలో కులము, ఇంట కట్టుబాటు, వీధిలో నవ్వులు. కనుక మాటలాడుకొనుట కొక యిల్లు కావలెనని కట్టించిరి. స్త్రీల కొఱకే 'సతీహితబోధిని' యను పత్రికను వారు 1883లో నడపిరి. మీరును మేమును ఈనాడు ఇట్టి పత్రికను చేతబట్టుకొని చదువుచున్నాము. దీని వేళ్లు ఆ కాలమున నున్నవని మఱవరాదు.

ఎండ ముదిరినది. మెయిన్‌రోడ్డున చల్లని రోజుమిల్కు త్రాగితిమి. ఈ యూరికి వచ్చి దానిని త్రాగనివారు లేరు గనుక ఆ సంగతి విస్తరింపము. పిల్ల రెండవది కూడ అడిగినదని మాత్రము వ్రాసెదము.

అపరాహ్ణమున దామెర్ల రామారావుగారి చిత్రశాలకు బోయితిమి. ఆయన 1897లో ఈ యూరనే పుట్టిరి. ఇచ్చటి కళాశాలకు అధ్యక్షులుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించి, బొంబాయి చిత్రకళాశాలకు బంపిరి. ఆయన తిరిగివచ్చి 1923లో ఇచ్చట చిత్రకళాపాఠశాలను స్థాపించిరి. మశూచికముచే 1925లో కాలధర్మము నొందిరి. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు. 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయము' మొదలగునవి ఆయన చిత్రములు. వానిలోని స్త్రీలు పటములలోని దేవతలవలె గాక, మన వీధిలోని వారివలె నుందురు. జడకు పూలు చుట్టుకొను చేతి వంపును, మెడ వంచిన తీరును చూచి, ఇది మనము నిత్యము చేయునదే గదా, దీనిలో నింత సొగసున్నదా యని విస్మయపడితిమి. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును గూడ చిత్రములు వ్రాసిరని తెలిసి మఱింత సంతోషించితిమి. నూఱేండ్ల క్రిందట కుంచె పట్టిన తెలుగు స్త్రీలు! మా అమ్మాయి ఆ పేరులను తన పుస్తకములో వ్రాసికొన్నది.

గౌతమీ గ్రంథాలయమునకు బోవుసరికి ప్రొద్దు వాలుచుండెను. వాసురాయ, రత్నకవి యను రెండు గ్రంథాలయములను 1920లో నొకటిగా జేర్చి యీ పేరిడిరి. తాళపత్రగ్రంథములును పాతపత్రికలును ఇచ్చట నున్నవి. బడి మెట్లెక్కని మాకు పుస్తకశాలలో నడుగిడుటకు ఎప్పుడును జంకు. మా చదువునకు కాగితము లేదు, ముద్ర లేదు. ఎవరైన "ఎంతవఱకు చదివితిరి?" అని యడిగిన, "ఆదిపర్వమువఱకు" అని చెప్పుదుమా? లోపలి బల్లలవద్ద పదునేడు పదునెనిమిదేండ్ల బాలికలు వరుసగా గూర్చుండి పరీక్షలకు చదువుకొనుచుండిరి. ఒకతె పాదములు చెప్పులనుండి తీసి, బల్ల క్రింద ముడిచికొని, లోకమును మఱచియున్నది. ఎవరును ఆమెను లెమ్మనుట లేదు. నీళ్లకు పొమ్మనుట లేదు. తలుపు చాటున నిలువుమనుట లేదు. ఆ బాలికను మేము చాలసేపు చూచితిమి. వసతిగృహపు గోడ మా మనస్సులోనుండి కొంచెము దూరము జరిగినది.

చివరకు పుష్కరఘట్టపు మెట్లపై గూర్చుంటిమి. 2015 జూలై 14న, పుష్కరముల తొలినాడు, ఇచ్చటి తొక్కిసలాటలో ప్రాణములు గోల్పోయిన వారిని దలచి నమస్కరించితిమి. వారిలో మనవంటి గృహిణులును వృద్ధస్త్రీలును ననేకులు. ఏటిపై వంతెనల దీపములు వెలిగినవి. అమ్మాయి మెట్టుపై నీటిలో వ్రేలు ముంచి యేదో వ్రాసినది. రాయి తడిసి ఆఱుటకు ముందు చదివితిమి. పెద్దబామ్మ పేరు.

ధవళేశ్వరమునకు బోవ వ్యవధి చాలలేదు. 1847 మొదలు 1852 వఱకు కాటను దొరగారు ఆనకట్ట కట్టించినదియు, 1874లో వీరేశలింగముగారు బాలికలకు పాఠశాల పెట్టినదియు అచ్చటనే. నీరును అక్షరమును ఒక్క యూరినుండియే బయలుదేరినవి! దానిని వేఱొకనాటికి విడిచితిమి.

ఇల్లు చేరునప్పటికి అత్తగారు అరుగుపై గూర్చుండి మాకొఱకు చూచుచుండిరి. అన్నము తినుచు పిల్ల తాను చూచినవన్నియు చెప్పినది. రాజ్యలక్ష్మమ్మగారు నీళ్లు మోసిన సంగతి వచ్చినప్పుడు అత్తగారు, "ఎన్ని బిందెలో!" అని మాత్రమనిరి. కొంతసేపటికి మావైపు తిరిగి, "నీవేమందువు?" అని యడిగిరి. మేము మొదటిసారిగా తిన్నగా సమాధానము చెప్పితిమి. "నాకు బడి లేకపోయినను నాయనగారున్నారు. ప్రతి యింటను అట్టి నాయనగారుండరు. పిల్ల పోవలెను, అత్తగారూ. నాకును భయముగానే యున్నది. అయినను పోవలెను." వారు బదులు చెప్పలేదు. మఱునాడు ప్రొద్దున మాగాయ జాడీ దింపి, వసతిగృహమునకు బంపుటకు చిన్నజాడీలోనికి తీయుచుండిరి. వారి సమ్మతి యింతకంటె స్పష్టముగా నుండదని ఆ యింటికోడలమగు మాకు తెలియును.

పిల్ల పోయి నెల దాటినది. ఇల్లు చిన్నవోయినదనుట నిజము. ఆదివారము ఫోను చేసి, గ్రంథాలయమున జేరితినని చెప్పినది. చికాగోలోని చెల్లెలికిని జాబు వ్రాసితిమి. రాజమహేంద్రవరమున చూడవలసినవి యివి యని వరుసగా నెనిమిది పేరులు వ్రాసి, మొదటిదిగా నొక చిన్న యింటిని వ్రాసితిమి.

సోదరీమణులారా! మీమీ మండలములలోను ఇట్టి పట్టణము లుండును. చీరలకో మందులకో మీరు పోవుచునే యుందురు. ఈమాఱు పోయినప్పుడు రెండుగంటలు మిగుల్చుకొని, మన చదువు ఏ యింటి గడప దాటి వచ్చినదో ఆ గడపను పోయి చూడుడు. ఒంటరిగా పోవలదు, ఇంటి ఆడపిల్లలను వెంటబెట్టుకొని పొండు. ఆ పూటదూరము దాటని కారణమున నేమి పోగొట్టుకొంటిమో మా పెద్దబామ్మ యెఱుగును. ఆమె చెప్పకపోయినను మేము చెప్పితిమి.